పులిహోర ఉంది, అరిసె లేదు

పండగ పిండివంటలు ఇళ్ళల్లో తగ్గిపోయాయన్న మాట కొత్తదేం కాదు. ఏటా సంక్రాంతికి ఆదివారం అనుబంధాల్లో ఓ వ్యాసం వస్తుంది. అందులో ఒక అమ్మమ్మ ఉంటుంది, రోకటి చప్పుడు ఉంటుంది, ఆఖర్న ఒక నిట్టూర్పు ఉంటుంది. నిట్టూర్పుతో నాకు పేచీ లేదు. కానీ ఏవి తగ్గాయి, ఎవరిళ్ళల్లో తగ్గాయి, తగ్గినవి ఎక్కడికి పోయాయి అన్నది తేల్చకుండానే ఆ వ్యాసం అయిపోతుంది.

ఈ ప్రశ్న వేసుకోవడానికి హైదరాబాదులో చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ పేటలను మించిన చోటు లేదు. 1956లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం ఏర్పడ్డాక సచివాలయంలోనూ, బ్యాంకుల్లోనూ, కాలేజీల్లోనూ ఉద్యోగాలకని వచ్చిన కోస్తా, సీమ కుటుంబాలు ఈ చుట్టుపక్కలే ఇళ్ళు వెతుక్కున్నాయి. తెలంగాణ జిల్లాల నుంచి చదువులకని వచ్చినవాళ్ళు ఇక్కడే ఉండిపోయారు. నారాయణగూడ, కాచిగూడ వైపు నిజాం కాలం నాటి మరాఠీ, కన్నడ ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఉగాది నాడు ఒకే వీధిలో ఒకింట బొబ్బట్టు, ఒకింట బక్షం, మరోచోట పూరణ్‌పోళీ. శనగపప్పు, బెల్లం మాత్రం అందరూ అదే మార్కెట్లో కొన్నవే.

ముందుగా మిగిలినవేవో చూద్దాం. వినాయక చవితి ముందు సాయంత్రం చిక్కడపల్లి మార్కెట్లో కాలు పెట్టే చోటుండదు. పత్రి, వెలక్కాయలు, మామిడాకులు, పాలవెల్లికి కట్టే కాయలూ కంకులూ సంచుల్లో నింపుకుని పోతుంటారు. ఆ సంచులు వెళ్ళిన ఇళ్ళల్లో మర్నాడు బియ్యపురవ్వతో ఉండ్రాళ్ళు ఉడుకుతాయి, కుడుములు ఆవిరికెక్కుతాయి, ఓపికుంటే పాలతాలికలూ ఉంటాయి. వరలక్ష్మీ వ్రతానికి పులిహోర, పరమాన్నం, గారెలు ఇంట్లోనే. శ్రీరామనవమికి పానకం, వడపప్పు. నాగుల చవితికి చిమ్మిలి, చలిమిడి. ఉగాది పచ్చడి సీసాలో కొనుక్కొచ్చిన ఇల్లు నా ఎరికలో లేదు.

ఇక వెళ్ళిపోయినవి: అరిసెలు, సకినాలు, మురుకులు, చేగోడీలు, గవ్వలు, గరిజెలు అనండి కజ్జికాయలనండి, అవీ. బొబ్బట్లు, పూర్ణం బూరెలు గడప మీద నిలబడి ఉన్నాయి. అత్తగారున్న ఇంట్లో లోపల, లేనింట బయట.

ఈ రెండు జాబితాలు పక్కపక్కన పెడితే ఒక సంగతి కనిపిస్తుంది. పొద్దున చేసి మధ్యాహ్నానికి తినేసేవి ఇంట్లో నిలిచాయి. డబ్బాలకెత్తి నెల రోజులు తినేవి దుకాణానికి వెళ్ళాయి. మొదటివి దేవుడి ముందు పెట్టడానికి చేసుకునేవి. రెండోవాటిలోంచి దేవుడికి నాలుగు తీసినా, అసలు అవి మనుషుల కోసం: పండక్కి వచ్చే కూతురికి, అల్లుడికి, తిరుగు ప్రయాణంలో కట్టి ఇవ్వడానికి, ఇరుగుపొరుగుకు పంచడానికి, పిల్లలు బడి నుంచి రాగానే చేతిలో పెట్టడానికి. భక్తి తగ్గి పిండివంటలు తగ్గాయనే వాదన ఇక్కడే వీగిపోతుంది. దేవుడి వాటా ఇంట్లోనే తయారవుతోంది. మనుషుల వాటాకే కొట్టు మీద ఆధారపడ్డాం.

మడి లెక్క కూడా దీనికి తోడైంది. నీళ్ళతో ఉడికిన అన్నానికీ పప్పుకూ ఉన్న పట్టింపు నూనెలో వేగినదానికి మన ఇళ్ళల్లో మొదటినుంచీ అంత లేదు. అందుకే గడప దాటడానికి జంతికకు పెద్దగా అడ్డు రాలేదు, మహానైవేద్యానికి ఇంకా వస్తోంది. ఆ పట్టింపు కూడా తద్దినాల దగ్గర సడలింది. మఠాల్లో, సత్రాల్లో డబ్బు కట్టి తద్దినం పెట్టించుకోవడం, వ్రతానికి వంటవారిని పిలిచి గారెలూ పులిహోరా చేయించుకోవడం ఈ పేటల్లో ఎవరూ వింతగా చూడరు.

నిలవుండేవే ఎందుకు వెళ్ళిపోయాయో తెలియాలంటే అరిసె దగ్గర కాసేపు కూర్చోవాలి. బియ్యం ముందురోజే నానెయ్యాలి. నీళ్ళు వంపి, వడేసి, తడి ఆరకముందే దంచాలి, లేదా గిర్నీకి పరుగెత్తాలి. గిర్నీవాడు పొడి పిండి పట్టే మరలో తడి బియ్యం పోయనివ్వడు. తడి బియ్యానికి వేరే మర ఉన్నవాణ్ణి వెతుక్కోవాలి. తెచ్చిన పిండి జల్లించి, ఆరిపోకుండా గిన్నెలో అదిమి పెట్టాలి. ఇక పాకం. నీళ్ళగిన్నెలో చుక్క వేస్తే మెత్తగా ఉండకట్టాలి. లేతదైతే అరిసె నూనెలో విచ్చిపోతుంది, ముదిరితే పళ్ళతో పని. ఆ తీరు కుదిరాక దించేందుకు దొరికే వ్యవధి చాలా తక్కువ. దించగానే ఒకరు పిండి పోస్తుంటే ఒకరు తెడ్డుతో కలియబెట్టాలి. ఆ కలపడం మామూలు బలంతో అయ్యేది కాదు. చలిమిడి వేడిగా ఉండగానే ఒకరు ఉండ చేసి నువ్వులద్ది ఆకు మీద తట్టాలి, ఒకరు మూకుడు చూసుకోవాలి, మరొకరు తీసినదాన్ని తీసినట్టే చెక్కల మధ్య పెట్టి నూనె కారేలా నొక్కాలి. ఇదంతా ఒంటరి మనిషి పని కాదు. కనీసం ముగ్గురుండాలి, నలుగురైతే కబుర్లు కూడా సాగుతాయి.

సకినాలదీ అదే కథ, వేరే తీరు. కొత్త బియ్యప్పిండిలో నువ్వులు, వాము, ఉప్పు వేసి తడిపి, నేల మీద గుడ్డ పరిచి, పిండిని వేళ్ళ సందున మెలిపెడుతూ చుట్టు మీద చుట్టు తిప్పాలి. చెయ్యి తిరిగినవాళ్ళు చుడుతుంటే గొలుసు అల్లినట్టుంటుంది, కొత్తవాళ్ళు చుడితే అడుగడుక్కీ తెగుతుంది. తడి కాస్త గుంజుకున్నాక మెల్లగా లేపి నూనెలో వేయాలి. గదంత జాగా కావాలి, నడుం వంచి కూర్చోగలిగిన నలుగురైదుగురు కావాలి. ఇవాళ మీ ఇంట్లో సకినాలు, రేపు మా ఇంట్లో. ఎవరి బియ్యం వారివి, చేతులు మాత్రం అందరివీ. వాడకట్టంతా అలా తిరిగేది.

ఇప్పుడు అందరూ చెప్పే కారణం దగ్గరకు వద్దాం: ఆడవాళ్ళు ఉద్యోగాలకు వెళ్తున్నారు, తీరిక లేదు. వినడానికి బాగుంటుంది గానీ లెక్కకు నిలవదు. కేంద్ర ప్రభుత్వ కార్మిక సర్వే 2023-24 ప్రకారం దేశంలో పదిహేనేళ్ళు దాటిన పట్టణ స్త్రీలలో ఉద్యోగం చేస్తున్నవాళ్ళూ వెతుక్కుంటున్నవాళ్ళూ కలిపి 28 శాతమే. మిగతావాళ్ళలో చదువుకునే అమ్మాయిలనూ వయసు మళ్ళినవాళ్ళనూ తీసేసినా, జీతానికి వెళ్ళని గృహిణులు కావలసినంతమంది ఉన్నారు. అరిసెలు వాళ్ళూ కొంటున్నారు. పోనీ వాళ్ళకు తీరిక దొరికిందా అంటే అదీ లేదు. 2019 జాతీయ కాల వినియోగ సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు 299 నిమిషాలు దానికే పెడుతున్నారని తేలింది, 2024లో 289. ఐదేళ్ళలో తగ్గింది పది నిమిషాలు. మగవాళ్ళు 97 నుంచి 88కి దిగారు, అదీ ఇంటిపనిలో ఎంతో కొంత చెయ్యి వేసేవాళ్ళను మాత్రమే లెక్కిస్తే. పిండివంటలు పోయాయని పత్రికల్లో ఎక్కువగా బాధపడేది ఎవరో చూసి, ఈ అంకెలు మళ్ళీ ఒకసారి చదివితే బాగుంటుంది.

అంటే పండగ ముందు వారానికి దొరికే తీరికను రోజూ ఉండే పని తినేసింది. టిఫిన్ డబ్బాలు, స్కూలు బస్సు, ట్యూషన్లు, పెద్దవాళ్ళ మందులు, పనిమనిషి రాని రోజులు. అంతకన్నా పెద్ద మార్పు, చేతులు చెదిరిపోవడం. తోడికోడలు కూకట్‌పల్లిలో, ఆడబిడ్డ డాలస్‌లో, అత్తగారు మోకాళ్ళ నొప్పులతో మంచం మీద. పక్క ఫ్లాటు తలుపు వేసే ఉంటుంది. తీసి ఉన్నా, పొద్దుటి నుంచీ వచ్చి పాకం కలిపిపెట్టమని అడిగేంత చనువు లేదు. ఒంటి చేత్తో అరిసెలకు దిగి, ఓసారి పాకం ముదిరి, మర్నాడు నడుం పట్టేసిన ఇల్లాలు పైయేడు దుకాణానికి వెళ్తే తప్పేముంది?

ఇల్లు మారిన తీరు కూడా అశోక్‌నగర్‌లో కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. వసారా, వెనక దొడ్డి, డాబా ఉన్న ఇళ్ళు బిల్డర్ల చేతికెళ్ళి అపార్టుమెంట్లయ్యాయి. ఆ తర్వాత సిటీ సెంట్రల్ లైబ్రరీ చుట్టూ గ్రూప్స్, సివిల్స్ కోచింగ్ పెరిగి, మిగిలిన ఇళ్ళు హాస్టళ్ళు, స్టడీ హాళ్ళు అయ్యాయి. రోలు పెట్టే మూల లేదు. గుడ్డ పరిచే నేల మీద మంచాలు పడ్డాయి. డాబా నిండా నీళ్ళ ట్యాంకులు. ఆ హాస్టళ్ళ పిల్లలు మాత్రం సంక్రాంతికి ఊళ్ళకెళ్ళి సకినాల డబ్బాలతో తిరిగొస్తారు. ఈ పేటలో ఇంట్లో చేసిన సకినం తినాలంటే వాళ్ళ గదికే వెళ్ళాలి.

వంటింటి యంత్రాలు ఈ పనిని తేలిక చేయలేదా అంటే, కొన్నిటికి చేశాయి. ముందు సుమీత్ మిక్సీ వచ్చింది. కోయంబత్తూరు గ్రైండర్లు ఆ తర్వాత ఇంటింటికీ చేరాయి. నానబెట్టి రుబ్బేవన్నీ, గారెలు, అట్లు, బూరెల పైపిండి, అప్పటినుంచి సులువయ్యాయి, ఇంట్లోనే ఉండిపోయాయి. పాకం పట్టే యంత్రం, సకినం చుట్టే యంత్రం మాత్రం మన వంటింటికి రాలేదు.

అన్నిటికన్నా గట్టి కారణం నా మటుకు నాకు పరిమాణంలో ఉంది. పిండివంటకు కనీసపు కొలత అంటూ ఒకటుంది. పావుకిలో అరిసెలు కొనగలం గానీ చేయలేం. అంతకోసం బియ్యం నానేసి, మర వెతికి, మూకుడు నిండా నూనె పోసి, ఆ మిగిలిన నూనెను ఏం చేయాలో తెలియక తల పట్టుకోవడం ఎవరికీ గిట్టదు. ఒకప్పుడు కుంచాలతో కొలిచి చేసేవారు, తినేవాళ్ళు అంతమంది ఉండేవారు. ఇప్పుడు ఇంట్లో ముగ్గురు, అందులో ఒకరికి షుగరు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని లెక్కగట్టింది. తియ్యటి వస్తువు ఇంట్లో నెల రోజులుంటే భయం. అవసరం పావుకిలోకు దిగిన రోజునే ఆ వంట దుకాణం వస్తువైపోయింది. ఇక్కడ ఇష్టాయిష్టాల కన్నా నూనె ఖర్చు, గ్యాసు ఖర్చు ఎక్కువ మాట్లాడతాయి.

కొరత తీరడం ఇంకో పక్క. జొన్నా సజ్జా తిన్న తెలంగాణ, సీమ పల్లెల్లో వరి అన్నమే పండగ. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం మొదలుపెట్టాక అన్నం రోజువారీ తిండి అయింది. బియ్యంతో, బెల్లంతో చేసేదేదైనా అపురూపంగా ఉండే కాలం అక్కడితో చెల్లిపోయింది. ఏడాది పొడుగునా పుట్టినరోజు కేకులు, ఆఫీసు మిఠాయిలు, మూలమలుపు బేకరీ పఫ్ తిన్న పిల్లాడికి జనవరిలో గవ్వలు చూపిస్తే వాడు ఎగిరి గంతేస్తాడా?

ఇక్కడ ఒక సంగతి దాచకూడదు. హిందువుల ఇల్లు అనగానే ఈ నిట్టూర్పు వ్యాసాలకు శాకాహారపు వంటిల్లే గుర్తొస్తుంది. చాలా ఇళ్ళల్లో దసరా అంటే, బోనాలంటే, కనుమ అంటే మాంసం. ఆ కూర వండటం తగ్గిందని ఎవరూ వ్యాసం రాయలేదు, ఎందుకంటే తగ్గలేదు. పూర్వం అన్ని ఇళ్ళల్లోనూ డబ్బాల కొద్దీ అరిసెలుండేవన్నదీ నిజం కాదు. నెయ్యి, నూనె, బెల్లం కొనగలిగిన ఇళ్ళల్లో ఉండేవి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2015 సంక్రాంతికి రేషన్ కార్డులున్నవారికి బెల్లం, శనగపప్పు, పామోలిన్, కాస్త నెయ్యి ఉచితంగా పంచిందంటే, అవి పండక్కి కూడా కొనలేని వంటిళ్ళు ఎన్నో ఉన్నాయనే కదా. దుకాణంలో వంద గ్రాములూ దొరుకుతాయి. కూలి డబ్బుతో వంద గ్రాముల సకినాలు కొని పిల్లలకు పెట్టే తల్లికి ఈ మార్పు నష్టమేమీ కాదు.

దుకాణాల సంగతి. మిఠాయి ఎప్పుడూ బయటిదే. పుల్లారెడ్డి గారు 1948లో కర్నూలులో మొదలుపెట్టిన వ్యాపారం హైదరాబాదుకొచ్చి లడ్డూ, మైసూరుపాకులతో పేరు తెచ్చుకుంది, అది ఏ ఇంటి పనినీ లాక్కోలేదు. అసలు మలుపు అరిసె, జంతిక, సున్నుండ, కారప్పొడి, ఆవకాయ ఒకే బల్ల మీద అమ్మే ‘స్వగృహ’ తరహా కొట్లు వచ్చాక. మద్రాసు అడయారులో గ్రాండ్ స్వీట్స్ 1982లో మొదలై అక్కడి మధ్యతరగతి ఇళ్ళను ఇలాగే మార్చింది. ఇప్పుడు చిక్కడపల్లి నుంచి నారాయణగూడ చౌరస్తా దాకా నడిస్తే ఇలాంటి బోర్డులు తగులుతూనే ఉంటాయి. పండగ వారంలో బల్ల ముందు వినిపించే ప్రశ్నలు మూడే: ఇవాళ్టివేనా, బెల్లంవేనా, నెయ్యా నూనా. తిరుపతి లడ్డూ నెయ్యి గొడవ 2024లో రేగాక మూడో ప్రశ్న కాస్త గట్టిగా వినిపిస్తోంది.

రుచి మాటకొస్తే పక్షపాతం లేకుండా చెప్పాలి. మురుకులు, చేగోడీలు చాలా ఇళ్ళల్లో కన్నా మంచి కొట్టులోనే కరకరలాడుతూ ఉంటాయి. గొట్టం అదే, పిండి అదే, రోజూ చేసే చెయ్యి వేరు. అరిసె మాత్రం కొట్టులో ఓడిపోయింది. కొన్నరోజునే మెత్తగా ఉండాలని పాకం లేతగా పడతారు, పలచగా తడతారు. రెండో వారంలో రుచి తేలే అరిసె కోసం కొట్టువాడు ఎందుకు ఆగుతాడు? పన్నులవాళ్ళకు వీటి మీద ఇంకో లెక్క ఉండేది. మిఠాయికి 5 శాతం, ప్యాకెట్లో కట్టి పేరేసిన కారానికి 12. ఒకే పండగ, ఒకే బల్ల, అరిసెకో రేటు, సకినానికో రేటు. 2025 సెప్టెంబరు 22 నుంచి రెండూ 5కి వచ్చాయి. పట్టణ కుటుంబాల తిండి ఖర్చులో పానీయాలు, తయారైన తిండి వాటా పెద్దది. 2023-24 గృహ వినియోగ సర్వేలో అది మొత్తం ఇంటి ఖర్చులో 11 శాతం దాటింది. టీ, బిస్కట్టు, హోటలు భోజనం అన్నీ కలిపిన అంకె అది. పండగ డబ్బా అందులో చిన్న భాగమే అయినా ప్రవాహం ఎటుందో తెలుస్తూనే ఉంది.

వంట తెలియక మానేశారన్నది కూడా నమ్మలేను. పుట్టింటికి దూరమైన కోడళ్ళకు దిక్కైన మాలతీ చందూర్ ‘వంటలు-పిండివంటలు’ పుస్తకం ఎన్ని ముద్రణలు పొందిందో పాతకాపులకు తెలుసు. ఇప్పుడు ‘విస్మయ్ ఫుడ్’, ‘అమ్మచేతివంట’ లాంటి చానళ్ళు పాకం ఎప్పుడు దించాలో తెర మీద చుక్క వేసి మరీ చూపిస్తున్నాయి. 2020 మార్చి 25 ఉగాది. దేశమంతా లాక్‌డౌన్ మొదలైన రోజు కూడా అదే. మిఠాయి కొట్లు మూతపడ్డాయి, ఇంట్లో నలుగురూ ఉన్నారు, వెళ్ళడానికి చోటు లేదు. ఆ ఏడు పెనం మీద బొబ్బట్లు ఎన్ని ఇళ్ళల్లో కాలాయో వాట్సాప్ ఫొటోలే సాక్ష్యం. పనికి చేతులు దొరికాయి, వంట వచ్చింది. ఆ చేతులు మళ్ళీ ఎవరి దారిన అవి పోయాక కొట్ల ముందు వరసలు మళ్ళీ మామూలే.

బతుకమ్మతో పోల్చి చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు, రోజుకో నైవేద్యం: అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, వెన్నముద్దలు. ఆరోరోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు ఏమీ పెట్టరు. చివరిరోజు చింతపండు పులిహోర, నిమ్మకాయ, కొబ్బరి, నువ్వులు, పెరుగు అంటూ సద్దులు కలుపుతారు, మలీద ముద్దలు చేస్తారు. 2014లో తెలంగాణ రాష్ట్ర పండుగగా ప్రకటించాక నగరపు అపార్టుమెంట్ల ఆవరణల్లోకి కూడా ఇది గట్టిగా వచ్చింది. ఈ వంటలేవీ కొట్టుకు పోలేదు. తేలికైనవి కావడం ఒక కారణం. ఆడవాళ్ళందరూ ఒకచోట చేరి, ఆడి, అక్కడికక్కడే ఒకరి గిన్నెలోంచి ఒకరికి పంచుకోవడం రెండోది. ప్యాకెట్ విప్పి అందులో వెయ్యడానికి ఎవరికీ మొహం చెల్లదు.

ఈ తేడా మన దగ్గరే కాదు. జపాన్‌లో కొత్త సంవత్సరానికి ఒసెచి అని పెట్టెల్లో పేర్చే వంటకాలుంటాయి. ముందే చేసి పెట్టుకుని మూడు రోజులు పొయ్యి వెలిగించకుండా తినేందుకు ఉద్దేశించినవి. ఇప్పుడు చాలామంది వాటిని పెద్ద దుకాణాల్లో ముందుగా చెప్పి తెప్పించుకుంటారు. అదే రోజు తాగే జోనీ అనే పులుసు మాత్రం ఇంట్లోనే కాచుకుంటారు, ఊరికో తీరుగా. నిలవుండేది బజారుకు, వేడివేడిగా తినేది ఇంటికి. మన అరిసె, పులిహోర పంపకం అక్కడా ఉంది.

ఇళ్ళల్లోంచి వెళ్ళిపోయిన ఆ పని ఎక్కడ జరుగుతోంది? కొట్టు వెనక, లేదా ఊరి శివార్లలోని షెడ్డులో, లేదా కరీంనగర్, వరంగల్ వైపు సకినాలు చేసి అమెరికా పార్సిళ్ళకు కట్టే ఇళ్ళల్లో. పొయ్యి ముందు కూర్చునేది అక్కడా ఆడవాళ్ళే. కాకపోతే కూలి ఇస్తారు. బొంబాయి గిర్గాంలో 1959లో ఏడుగురు ఆడవాళ్ళు 80 రూపాయల అప్పుతో లిజ్జత్ అప్పడాలు మొదలుపెట్టినప్పుడు లాభం చేసినవాళ్ళకే చెందాలన్న నియమం పెట్టుకున్నారు. మన పిండివంటల్లో అలాంటి పెద్ద సహకార సంఘం ఏదీ నాకు కనిపించలేదు. చిన్న వ్యాపారమైతే ఆహార భద్రతా సంస్థ దగ్గర కొద్దిపాటి రుసుముతో నమోదు చేసుకోవచ్చు. ఫ్లాటులోంచే ఆర్డర్లు తీసుకునే ఆడవాళ్ళు ఈ పేటల్లో కొందరున్నారు గానీ, పండగ రద్దీ తట్టుకునే మూకుళ్ళు వాళ్ళ దగ్గర లేవు.

ఈ కొట్లు, షెడ్లు ఇంకో విషయంలో ఇళ్ళకు బాకీ ఉన్నాయి. పాకం చూసే చూపు, సకినం మెలిపెట్టే వేలు వాళ్ళు ఎవరికీ నేర్పలేదు. పల్లెలో తల్లి పక్కన, అత్త పక్కన కూర్చుని నేర్చుకుని వచ్చినవాళ్ళకు కూలి ఇచ్చి ఆ పనితనాన్ని వాడుకుంటున్నారు. వాళ్ళ కూతుళ్ళు ఇప్పుడు అశోక్‌నగర్ హాస్టళ్ళలో కరెంట్ అఫైర్స్ చదువుతున్నారు, చదవాలి కూడా. మురుకులకు మరలున్నాయి, బొబ్బట్లు ఒత్తే యంత్రాలు వచ్చేశాయి. పాకం దగ్గర కూర్చోవడానికి ఎవరు వస్తారు, ఎంత కూలికి వస్తారు అన్నదాన్ని బట్టే రేపు పావుకిలో అరిసెల ధర ఉంటుంది.